మాండెరుప్ దొర పదహారు డాళ్ళు

లుండ్‌హోల్మ్ దివాణంలో ఉండే హిల్లెబోర్గ్ గిల్డెనాక్స్ పేరు చెబితే జట్లాండ్‌లోని దొరల ఇళ్ళన్నిటికీ హడలు. ఆవిడ ఎవర్నీ కొట్టేది కాదు, తిట్టేది కాదు. ఆవిడ దగ్గర ఒక పుస్తకం ఉండేది, అంతే. ఏ దొరగారి అబ్బాయి ఏ దొరగారి అమ్మాయిని చేసుకోవాలన్నా ముందు ఆ పుస్తకంలో ఇద్దరి వంశాలూ చూడాలి. ఇద్దరి తాతలో అవ్వలో తోబుట్టువులయ్యారా, ఇక చట్టం ఒప్పదు, పాస్టరు పెళ్ళి చెయ్యడు. మగవాళ్ళు యుద్ధాలకీ వేటలకీ పోతే, ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవర్ని చేసుకున్నారో రాసిపెట్టుకోవడం ఇక్కడ ఆడవాళ్ళ పని. హిల్లెబోర్గ్ తల్లి మొదలుపెట్టిన పుస్తకాన్ని ఈవిడ యాభై ఏళ్ళుగా పెంచుకుంటూ వచ్చింది. కన్నబిడ్డలా పెంచింది అనేవాళ్ళు, ఆవిడకి పెళ్ళీ పిల్లలూ లేరు కాబట్టి. ఆ మాట మొహం మీద అన్నవాళ్ళ ఇంట్లో ఆ ఏడాది పెళ్ళి ఎందుకో ఆలస్యమయ్యేది.

1632 వసంతంలో, కొంగలు కొట్టం కప్పు మీద గూడు సరిచేసుకుంటున్న రోజుల్లో, ఒక ఉత్తరం వచ్చింది. చూపు మందగించిందని ఒప్పుకోవడం హిల్లెబోర్గ్‌కి ఇష్టం లేదు. అందుకని "చేతులకి సిరా అంటింది, నువ్వు చదువు" అని తమ్ముడి కూతురు ఈడెల్‌కి అందించింది. ఈడెల్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు, నోరు మంచిది కాదు, మనసు మంచిది. ఈకల కలాలు చెక్కుతూ, అత్తకి చేదోడుగా ఆ ఇంట్లోనే ఉంటోంది.

"చెల్లెమ్మకి మాండెరుప్ ఓడర్‌స్కోవ్ రాయునది," అని మొదలుపెట్టింది ఈడెల్. "నాకు డెబ్భై మూడు నిండాయి. నా సమాధి రాయి నేనే చెక్కించుకుంటున్నాను. పోయాక కొడుకులకి వదిలేస్తే ఏ గుమ్మం కింద రాయో పెకలించి నా మీద వేస్తారు. రాతిపనివాడు వచ్చి కూర్చుని నా బీరంతా తాగుతున్నాడు. తండ్రి వైపు ఎనిమిది డాళ్ళు, తల్లి వైపు ఎనిమిది, వరస తప్పకుండా నీ చేత్తో రాసి ఉంచు. పెంతెకొస్తు పండగ దాటిన గురువారం నేనే వచ్చి తీసుకుంటాను." ఈడెల్ కాగితం మడిచింది. "తొందరేంటో పెదనాన్నగారికి? చావుకి కూడా ముందే బండి కట్టించుకుంటున్నారు."

"ఆయనకి అన్నిటికీ తొందరే," అంది హిల్లెబోర్గ్. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పెదవుల దగ్గర ఏదో కదిలింది. ఈడెల్ అది చూసింది.

ఈ దేశంలో దొర పోతే రాయి మీద ఆయన బొమ్మ ఒక్కటే చెక్కితే చాలదు. ముత్తాతలనీ వాళ్ళ ముందు తరాన్నీ తోడు తెచ్చుకోవాలి. కుడి అంచున తండ్రి వైపు ఎనిమిది వంశాల డాళ్ళు, అంటే ఆ వంశాల గుర్తులు వేసిన డాలు బొమ్మలు, ఎడమ అంచున తల్లి వైపు ఎనిమిది. హిల్లెబోర్గ్ తండ్రి వైపు ఎనిమిదీ గిన్నెలో గంజి చల్లారేలోపు రాసేసింది. తల్లి వైపు మొదటి నాలుగూ, అంటే మాండెరుప్ తాతగారు లావె దొర తాలూకువి, అవీ అయ్యాయి. ఇక చివరి నాలుగు అమ్మమ్మవి. వాటిలో మొదటిది నీలం మీద బంగారు బార్లీ కంకుల కట్ట. గిల్డెనాక్స్ వారి డాలు. హిల్లెబోర్గ్ సొంత డాలు.

ఆ కంకుల కట్ట గీస్తున్నప్పుడు ఆవిడ కలం నెమ్మదించింది. యాభై ఏళ్ళుగా ఆవిడ ఎవరికీ చెప్పుకోని ఓదార్పు ఒకటుంది. ఎప్పటికైనా ఆయన రాయి మీద తమ డాలు ఉంటుంది. సమాధిలో ఆయన పక్కన పడుకునే అదృష్టం ఆయన భార్య ఆనెది. ఒక మూలన ఆ కంకుల కట్ట మాత్రం తనది. నవ్వుకుంటే నవ్వుకోండి. మనిషి అంతకంటే చిన్నవాటి మీద కూడా బతుకుతాడు.

వాళ్ళిద్దరికీ ఒక వేసవి ఉండేది. హిల్లెబోర్గ్‌కి ఇరవై, మాండెరుప్‌కి ఇరవై మూడు. ఫియోర్డ్ అనే సముద్రపు పాయ మధ్యలో ఇసుక దిబ్బ మీదికి పడవలో నీటికాకుల గుడ్లకి వెళ్ళేవాళ్ళు. ఒకసారి ఆయన ముప్ఫై గుడ్లు టోపీలో పెట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూ మర్చిపోయి ఆ టోపీ మీదే కూర్చున్నాడు. పడవ ఒడ్డుకి చేరేదాకా ఆవిడ నవ్వుతూనే ఉంది. ఆయన ముందు చిన్నబుచ్చుకున్నాడు, తరవాత తనూ నవ్వాడు, ఆ తరవాత నవ్వు మానేసి ఆవిడ వంక చూశాడు. ఆ చూపు ఇప్పటికీ ఆవిడకి గుర్తే. అప్పటి నీళ్ళ వాసన, ఎండలో కాగిన పడవ తారు వాసన, అన్నీ గుర్తే. రెండు ఇళ్ళవాళ్ళకీ ఇష్టమే, ఆస్తులకి ఆస్తులు సరి, నిశ్చితార్థానికి రోజు కుదిరింది.

నిశ్చితార్థం నాడు పిల్ల తరఫు ఆడమనిషి ఒకరు లేచి రెండు వంశాలూ పైకి చదవాలి, అదీ ఆచారం. తల్లి చదవాల్సింది. కానీ హిల్లెబోర్గ్ ఆ చలికాలమంతా కూర్చుని తల్లి పుస్తకం కొత్తగా ఎత్తిరాసింది, ఆ విద్యంతా తనకే వచ్చనుకుంది. "నేను చదువుతానమ్మా" అని లేచింది. ఓడర్‌స్కోవ్ వాళ్ళు ఆ పొద్దున్నే తెచ్చిన కాగితం చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయింది. మాండెరుప్ తల్లి లావె దొర కూతురు, పేరు వైబెకె. లావె దొర భార్య పేరు కూడా వైబెకె, ఆవిడ గిల్డెనాక్స్ ఆడపడుచు, హిల్లెబోర్గ్ తాతకి సొంత చెల్లెలు. తల్లి కాన్పులో పోతే బిడ్డకి తల్లి పేరే పెడతారు కదా. కాబట్టి ఈ వైబెకె ఆ వైబెకె కూతురే. కాబట్టి మాండెరుప్, తనూ అన్నాచెల్లెళ్ళ మనవలు. మూడో మెట్టు చుట్టరికం, చట్టం ఒప్పనిది.

ఆ లెక్క ఆవిడే వేసింది, ఆవిడే పైకి చెప్పింది. కాదనడానికి మాండెరుప్ తల్లి లేదు, ఆయన పాలు మరవకముందే పోయింది. ఆవిడ పుట్టిల్లు గాట్‌లాండ్ దీవిలో, ఆ ఇంటి వాళ్ళందర్నీ మహమ్మారి ఎప్పుడో ఊడ్చేసింది. ఎవరో ముసలాయన "ఎంత తెలివైన పిల్లండీ, పాపంలో పడకుండా ఆపింది" అన్నాడు. అందరూ తలలూపారు. గుండె ముక్కలవుతున్న ఆ నిమిషంలోనే హిల్లెబోర్గ్‌కి కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ సంగతి ఆవిడ ఏ పాస్టరు ముందూ ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం గుర్రం ఎక్కుతూ మాండెరుప్ మొదటిసారి "వస్తాను చెల్లెమ్మా" అన్నాడు. తరవాత యాభై ఏళ్ళూ అదే పిలుపు. ఆ ఏడు చివరికల్లా ఆనెని చేసుకున్నాడు, ఆరుగురు పిల్లల్ని కన్నాడు. ఆరుగుర్నీ పుట్టిన తేదీలతో సహా మంచి నల్ల సిరాతో పుస్తకంలోకి ఎక్కించింది హిల్లెబోర్గే. తనకి వచ్చిన రెండు సంబంధాలూ తిరగ్గొట్టింది. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు పెద్దవాళ్ళ నాట్యం ఒకటి ఇద్దరూ కలిసి ఆడేవాళ్ళు, చుట్టాలకి అది తప్పు కాదు కాబట్టి.

ఇప్పుడిక కంకుల కట్ట కింద మాండెరుప్ అమ్మమ్మ వైబెకె చనిపోయిన సంవత్సరం వెయ్యాలి, అంతే మిగిలింది. ఆ ఏడు తన పుస్తకంలో ఎప్పుడూ ఖాళీయే. మొన్న చలికాలంలో గాట్‌లాండ్ నుంచి ఒక దొరసాని తన పుస్తకం అరువుగా పంపించి ఉంది. ఆడవాళ్ళు ఇలా ఒకరివి ఒకరు తెప్పించుకుని ఎత్తిరాసుకోవడం మామూలే. హిల్లెబోర్గ్ అది తెరిచి, భూతద్దం పెట్టి లావె దొర పేజీ వెతికింది.

వైబెకె గిల్డెనాక్స్, సంతానం లేకుండా 1534లో పోయింది, అని ఉంది. కింద ఇంకో చేతిరాత: లావె దొర మళ్ళీ డోర్తెని చేసుకున్నాడు, మూడు వెండి చేపల డాలు వారి పిల్ల. మొదటి కూతురు 1537లో పుట్టింది. ముందు పోయిన ఆవిడ పేరే పెట్టారు, వైబెకె. జట్లాండ్‌లో ఓడర్‌స్కోవ్ వారికి ఇచ్చారు.

హిల్లెబోర్గ్ మూడుసార్లు చదివింది. మొదటి భార్య పోతే రెండో భార్య తన మొదటి కూతురికి ఆ పోయినావిడ పేరు పెట్టాలి. ఇక్కడ ఊయల్లో పిల్లకి కూడా తెలిసిన సంగతి. రెండు ఆచారాలు ఉన్నాయి. ఇరవై ఏళ్ళ హిల్లెబోర్గ్‌కి ఆ రోజు ఒక్కటే గుర్తొచ్చింది.

"అత్తా, ఏంటలా తెల్లబోయావ్? నీళ్ళివ్వనా?" అంది ఈడెల్.

"ఆయన నాకు ఏమీ కాడే."

"ఎవరు?"

"మాండెరుప్. వీసమెత్తు చుట్టరికం లేదు. అప్పుడూ లేదు."

ఈడెల్ వచ్చి ఆ పేజీ చదివింది. అత్త కథ ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ పిల్ల గొంతు తగ్గించి అంది: "అత్తా, నేనో మాట చెబుతా, తిట్టకు. ఈ పుస్తకం వెనక్కి పంపించేద్దాం. రాయి మీద కంకుల కట్టే పెట్టించెయ్. నీ లెక్క తప్పని ఒక్కసారి తెలిసిందనుకో, ఇక నీ మాట మీద ఎవడు పెళ్ళి ఆపుతాడు? ఎవడు చేస్తాడు? చేసేసిన పెళ్ళిళ్ళన్నీ తవ్వుతారు. యాభై ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు."

"నాకు తెలియదా?"

"తెలిస్తే మరి? పైగా మన డాలు ఆయన రాయి మీద ఉంటుంది కదా. నీకూ అదే..." అని ఈడెల్ మధ్యలోనే ఆపేసింది. హిల్లెబోర్గ్ చూసిన చూపు అలాంటిది.

ఆ వారమంతా ఆవిడకి తిండి సయించలేదు. చివరికి రెండు కాగితాలు తయారుచేసింది. ఒకదాని మీద చివరి నాలుగు డాళ్ళు గిల్డెనాక్స్ వైపువి. రెండోదాని మీద చేపల వారివి. రెంటికీ సంతకం పెట్టింది, రెంటినీ బల్ల సొరుగులో పెట్టింది. ఒకటి ఇస్తే తన పేరూ తన ఓదార్పూ మిగులుతాయి. రెండోది ఇస్తే రెండూ పోతాయి. తెలియక చేసిన తప్పుకి ఇంత శిక్షా అని ఆవిడకి ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది, ఇరవై ఏళ్ళ ఆ తెలివైన పిల్ల మీద.

గురువారం మాండెరుప్ వచ్చాడు. బండి దిగడానికే పావుగంట పట్టింది, కాలు వాతంతో దిమ్మలా ఉబ్బింది. జుట్టు పోయింది, గొంతు మాత్రం పోలేదు.

"ఏమ్మా ఈడెల్! మీ అత్త ఇంకా మనుషుల్ని కాగితాల మధ్య నొక్కి ఎండబెడుతూనే ఉందా?"

"మీరొచ్చారుగా పెదనాన్నగారూ, మిమ్మల్ని పెట్టడానికి ఇంకో పేజీ తీసింది."

"నాకు పేజీ చాలదు, లావయ్యాను." ఆయన కుర్చీలో కూలబడి హిల్లెబోర్గ్ వంక చూశాడు. "ఏం చెల్లెమ్మా, మాట్లాడవేం? రాయి కింద నేను దూరుతుంటే నువ్వు నల్లబడిపోతున్నావేంటి?"

"ఈడెల్, వెళ్ళి బీరు వెచ్చబెట్టించు," అంది హిల్లెబోర్గ్.

ఈడెల్ కదల్లేదు. "దాసీ ఉంది కదా."

"వెళ్ళవే!"

తలుపు మూసుకుంది. హిల్లెబోర్గ్ సొరుగు తెరిచి రెండు కాగితాలూ బల్ల మీద పరిచింది. యాభై ఏళ్ళలో మొదటిసారి అన్నయ్యా అనకుండా పిలిచింది.

"మాండెరుప్. నువ్వు నాకు ఏమీ కావు. మీ అమ్మమ్మ మా తాత చెల్లెలు కాదు. ఆవిడ పిల్లలు లేకుండానే పోయింది. మీ అమ్మ రెండో ఆవిడ డోర్తె కూతురు, పోయినావిడ పేరు పెట్టారు. నేను తప్పు చదివాను. అందరి ముందూ లేచి, తెలివైనదాన్నని, తప్పు చదివాను." ఆవిడ అక్కడితో ఆపలేదు. "మన ఇద్దరి బతుకూ పాడుచేసింది నేను. ఇంకెవరూ కాదు."

మాండెరుప్ తన చేతికర్ర పిడి వంక చూశాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"డోర్తె సంగతి. గాట్‌లాండ్‌లో ఆవిడ రాయి చూశాను. ఇద్దరు భార్యల రాళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి, తేదీలతో సహా."

"ఎప్పుడు?"

"ఎనభై నాలుగులో. రాజుగారి ఓడల మీద వెళ్ళినప్పుడు."

లెక్క వెయ్యడానికి హిల్లెబోర్గ్‌కి పుస్తకం అక్కర్లేదు. "నలభై ఎనిమిదేళ్ళు," అంది. తరవాత పెద్దగా అరిచింది. "నలభై ఎనిమిదేళ్ళా! నలభై ఎనిమిదేళ్ళు చెల్లెమ్మా చెల్లెమ్మా అంటూ నా చుట్టూ తిరిగావా? నోరు పడిపోయిందా నీకు? నీ పిల్లల పేర్లు నా చేత రాయించావు!" చేతికి దొరికిన ఇసుక డబ్బా, సిరా ఆరడానికి చల్లేది, ఆయన మీదికి విసిరింది. అది ఆయన భుజానికి తగిలి ఇసుకంతా గడ్డం మీద పడింది.

ఆయన తుడుచుకోలేదు. "చెప్పి ఏం చెయ్యమంటావు? అప్పటికి ఆనె ఇంట్లో ఉంది, పెద్దాడు ఊయల్లో ఉన్నాడు. ఆనె చేసిన తప్పేంటి? మంచి మనిషి, హిల్లె. ఆవిడతో నేను బాగానే బతికాను, అబద్ధం చెప్పను."

"నాకు చెప్పాలి కదా!"

"నీకా? అప్పటికే ఊళ్ళన్నీ నీ పుస్తకం కోసం వస్తున్నాయి. నీకు మేం మిగిల్చింది అదొక్కటే. నీ మొదటి లెక్కే తప్పని చెప్పి అది కూడా లాక్కోమంటావా?"

ఆవిడ ఏడ్చింది. డెబ్భై ఏళ్ళ దొరసాని, జట్లాండ్ మొత్తాన్ని వణికించినావిడ, చేతులతో మొహం కప్పుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన లేవబోయి, కాలు సహకరించక మళ్ళీ కూర్చున్నాడు.

ఏడుపు తగ్గాక ఆవిడకి ఒక అనుమానం వచ్చింది. "అయితే ఇప్పుడెందుకొచ్చావ్? డాళ్ళు నీకే తెలుసు. ఆ రాతిపనివాడికి నువ్వే చెప్పుకోవచ్చుగా?"

ముసలాయన మొహం చెవుల దాకా ఎర్రబడింది. "నువ్వు రాస్తే మీ కంకుల కట్టే రాస్తావని వచ్చాను."

"తెలిసి తెలిసీనా?"

"తెలిసే. నా తల పక్కన అది ఉంటే బావుంటుంది అనిపించింది. అబద్ధమైతే ఏం? చదివేదెవరు? నువ్వొక్కదానివే చదువుతావు." ఆయన చెయ్యి చాచి మొదటి కాగితం మీద, గిల్డెనాక్స్ డాలు మీద వేలు పెట్టాడు. "ఇదిచ్చెయ్. ఎవరికీ చెప్పొద్దు. నీ పేరుకి మచ్చ రాదు, నాకు కావాల్సింది నాకు వస్తుంది. ఈ వయసులో ఇదొక్కటి అడుగుతున్నాను."

తను ఇన్నేళ్ళూ దాచుకున్న కోరికే ఆయన కోరిక కూడా. ఇద్దరూ ఒకే మూలన ఒకే చిన్న డాలు కోసం కాచుకుని కూర్చున్నారు. కాగితం జరిపితే చాలు. వేలెడు దూరం.

ఆవిడ కాగితం తీసుకుంది. నాలుగు ముక్కలు చేసింది.

"హిల్లె!"

"నోరు ముయ్. యాభై ఏళ్ళు ఒక తప్పు కింద బతికాం. చచ్చాక కూడా దాని కింద పడుకోవాలా? నేను నిన్ను పడుకోనివ్వను." రెండో కాగితం ఆయన ఒళ్ళోకి తోసింది. "చేపలే పెట్టించు. మీ అమ్మమ్మ ఏం పాపం చేసిందని ఆవిడ చోటు నేను లాక్కోవాలి? ఇక నా పేరంటావా, రేపట్నుంచి అన్ని ఇళ్ళకీ నేనే ఉత్తరాలు రాస్తాను. ఫలానా పెళ్ళి ఆపింది నేను, ఆపింది తప్పు, మీ మీ లెక్కలు ఇంకొకరి చేత చూపించుకోండి అని."

"నవ్వుతారే."

"నవ్వనీ. వాళ్ళ నవ్వుకి నేనేం అరిగిపోను."

మాండెరుప్ కాగితం మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు. గడ్డంలో ఇసుక అలాగే ఉంది. దిక్కుతోచనట్టు అడిగాడు: "మరి నేను ఏ వరసతో ఈ గుమ్మం ఎక్కాలి? అన్నయ్యని కూడా కాకుండా పోయాను."

"వరస లేకుండానే ఎక్కు," అంది హిల్లెబోర్గ్. "వచ్చే గురువారం రా. మలుగు చేప పొగపెట్టిస్తాను."

ఉత్తరాలు వెళ్ళాయి. కొందరు నవ్వారు, కొందరు తమ వంశాలు ఇంకో దొరసానికి పంపించుకున్నారు, ఒకాయన వచ్చి తన కూతురి పెళ్ళి ఎందుకు ఆపావని గుమ్మంలో నిలబడి కేకలేశాడు. ఆవిడ ఆయన లెక్క మళ్ళీ తీసి చూపించింది, అది సరైనదే. ఈ గొడవలన్నిటి మధ్యా మాండెరుప్ పదకొండు గురువారాలు వచ్చాడు. ఏం మాట్లాడుకునేవాళ్ళో ఈడెల్‌కి తెలియదు. ఎక్కువగా తిట్టుకోవడం వినిపించేది, మధ్యమధ్య ఇద్దరూ నవ్వడం కూడా. పన్నెండో గురువారం బండి బదులు ఆయన పెద్దకొడుకు వచ్చాడు, నల్లబట్టల్లో.

రాయి వేశాక హిల్లెబోర్గ్ ఈడెల్ చెయ్యి పట్టుకుని ఓడర్‌స్కోవ్ చర్చికి వెళ్ళింది. వంగి, చూపు ఆనక, వేలితో తడుముతూ ఒక్కొక్క డాలూ సరిచూసుకుంది. కుడివైపు ఎనిమిది. ఎడమవైపు లావె దొరవి నాలుగు. ఆ తరవాత మూడు చేపలు, ఇంకో మూడు డాళ్ళు, పదహారూ అయిపోయాయి. గిల్డెనాక్స్ వారిది ఎక్కడా లేదు. ఆవిడ వేలు ఆ చేపల మీద చాలాసేపు ఉండిపోయింది.

"సరిగ్గా ఉందా అత్తా?"

"ఒక్క తప్పు కూడా లేదే," అంది హిల్లెబోర్గ్, ఆ రాయి మీదే కూర్చుని ఏడ్చింది.